మన మంచి తిండి ఎవరి కంచంలోకి పోతోంది?



పైన పెట్టిన వీడియో చిలకలగూడ చౌరస్తా దగ్గర తీసింది. తీరిక ఉన్నప్పుడు చూడండి. వీడియోలో చెప్పడానికి వీలుపడని కొన్ని మాటలు, మనవాళ్లకే కాస్త గుచ్చుకునే మాటలు, ఇక్కడ రాస్తున్నాను.

విషయం సూటిగా చెప్తాను. బీపీ, షుగర్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు రాకుండా ఉండాలంటే మంచి తిండి తినాలని మనం ప్రతి శిబిరంలో, ప్రతి వీడియోలో చెప్తూనే ఉన్నాం. మాట నిజమే. కానీ మనం పండించిన ఆ మంచి తిండి ఎవరికి చేరుతోంది? జబ్బు వచ్చినా డబ్బు పెట్టి తట్టుకోగలిగినవాళ్లకే చేరుతోంది. జబ్బు వస్తే ఇల్లు గుల్లయ్యేవాళ్లకి చేరట్లేదు. దీనికి మన ధరలు ఒక కారణం. ప్రభుత్వం తిండి కొనే పద్ధతి అంతకంటే పెద్ద కారణం. ఆ రెండోదాన్ని మార్చమని మనం గట్టిగా అడగట్లేదు. అడగాలని నా అభిప్రాయం.

చిలకలగూడ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కి దగ్గరలోనే ఉన్న పాత పేట ఇది. రైల్వే క్వార్టర్లు, పద్మారావునగర్ అపార్ట్‌మెంట్లు, సీతాఫల్‌మండి, వారాసిగూడ వైపు బస్తీలు, అన్నీ చుట్టుపక్కలే. స్టేషన్‌లో మూటలు మోసేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు, రిటైరైన రైల్వే ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరూ ఒకే రోడ్డు మీద నడుస్తారు. జనగామ వైపు నుంచి మేము నలుగురు రైతులం కలిసి నెలకు రెండు ఆదివారాలు ఇక్కడికి ఆకుకూరలు, కందిపప్పు, దేశీ బియ్యం, కొర్రలు, గానుగ నూనె తెచ్చి అమ్ముతున్నాం. రైతే నేరుగా అమ్ముకోవాలని మనం చెప్పుకుంటాం కదా, అదే.

మా దగ్గర సంచి నిండా కొనేది దాదాపు అంతా అపార్ట్‌మెంట్లవాళ్లే. బస్తీ ఆడవాళ్లూ వస్తారు. కందిపప్పు చేతిలోకి తీసుకుని చూస్తారు, వాసన చూస్తారు, "మా అమ్మగారింట్ల పప్పు ఇట్లనే ఉండేది" అంటారు, ధర అడుగుతారు, రెండు కట్టల పాలకూర తీసుకుని వెళ్లిపోతారు. మా పప్పు కిలో 200. పక్క కిరాణాలో 120. వాళ్ల తప్పేం లేదు. మేము 200 చెప్పడమూ అత్యాశ కాదు. కలుపు కూలీ, విసుర్రాయి పట్టు, జల్లెడ, ఆటో కిరాయి, అమ్ముడుపోక వాడిపోయిన ఆకుకూరల నష్టం, అన్నీ ఆ 200లోనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, అయినా పప్పు మాత్రం ఆ ఇంటికి పోలేదు.

షుగర్, బీపీ డబ్బున్నోళ్ల జబ్బులు అనే మాట ఇంకా ఎవరైనా అంటుంటే ఆ మాట మానేయాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అదే సర్వేలో నూటికి 30 మంది ఆడవాళ్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. రక్తం లేకపోవడం, ఒళ్లు రావడం, రెండూ ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో. కడుపు నిండుతోంది, ఒంటికి కావాల్సింది అందట్లేదు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. లెక్క వేసేందుకు దూరం పోనక్కర్లేదు. చిలకలగూడ నుంచి నాలుగైదు కిలోమీటర్లలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ సంస్థ 2024 మేలో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. మన దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లే అని అందులో ఉంది. 2000 కేలరీలు కావాల్సిన మనిషి కంచంలో రోజుకు ఏమేం ఉండాలో కూడా చెప్పారు. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు 85 (గుడ్డు, మాంసం తింటే అవి ఇందులోకే వస్తాయి), పల్లీలు, నువ్వుల లాంటి గింజలు 35, నూనె, కొవ్వులు 27, పాలు 300 మిల్లీలీటర్లు.

నలుగురున్న ఇంటికి నెలకు ఎంతవుతుందో చూడండి. ధాన్యాలు 30 కిలోలు. మన రేషన్‌లో మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. అంటే ధాన్యం దాదాపు సరిపోయింది. ఇక కూరగాయలు 48 కిలోలు. పప్పు 10 కిలోలు. పాలు 36 లీటర్లు. పండ్లు 12 కిలోలు. పల్లీలు 4 కిలోలు. మామూలు బజారు ధరలే వేసుకుందాం. కూరగాయలు కిలో 40, పప్పు 120, పాలు లీటరు 60, పండ్లు 80, పల్లీలు 150 అనుకుంటే మొత్తం 6,800 రూపాయలు దాటుతుంది. నూనె, గ్యాస్ ఇంకా కలపలేదు. మన సహజ సాగు ధరలు వేస్తే ఎంతవుతుందో మీకే తెలుసు. ఇంటద్దె, పిల్లల ఫీజు కట్టి, రెండిళ్లలో అంట్లు తోమి ఇల్లు నడిపే మనిషి ఈ 6,800 ఎక్కడి నుంచి తెస్తుంది? తేదు. అందుకే కూరగాయలు 48 కిలోలకు బదులు పదిహేను కిలోలవుతాయి, పప్పు మూడు కిలోలవుతుంది, పాలు టీ వరకే. మిగిలిన కడుపు అన్నంతో నింపుకుంటారు. ఇది తెలియనితనం కాదు. పక్కా లెక్క. ఆ లెక్కకి షుగర్ వస్తుంది.

సన్నబియ్యాన్ని నేను తక్కువ చేయట్లేదు. దొడ్డుబియ్యం ఇచ్చినన్నాళ్లు చాలా ఇళ్లల్లో అమ్ముకునేవాళ్లు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తుంటే వండుకుని తింటున్నారు. పేదవాడు కూడా సన్నన్నం తినాలనుకోవడంలో తప్పేముంది? నా బాధల్లా ఏమిటంటే, ఆ కంచంలో బరువు లెక్కన అయిదో వంతు మాత్రమే సర్కారు ఇస్తోంది, అది కూడా అన్నిటికన్నా చవకైన వంతు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం అని 185 రూపాయలకు 9 సరుకులు ఇచ్చారు, గుర్తుందా? అందులో కిలో కందిపప్పు ఉండేది. నాణ్యత మీద చాలా గొడవలు జరిగాయి, సరే, కానీ రేషన్ షాపులో పప్పు అనే ఆలోచన అయినా ఉండేది. పక్కన తమిళనాడులో 2007 నుంచి రేషన్‌లో పప్పు, నూనె తక్కువ ధరకు ఇస్తూనే ఉన్నారు. మన దగ్గర సన్న వడ్లకి క్వింటాకు 500 బోనస్ వచ్చింది. కందికి, పెసరకి, అనుములకి అలాంటి బోనస్ ఏదీ? రైతు వరి నుంచి కదలట్లేదని ఉపన్యాసాలిస్తారు. బోనస్ వరికి ఇచ్చి, కొనుగోలు కేంద్రం వరికి పెట్టి, కదలమంటే ఎట్లా కదులుతాడు?

ఇక్కడ మనవాళ్లు వెంటనే ఒక మాటంటారు. బియ్యం తీసేసి సిరిధాన్యాలు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని. నేనూ కొర్రలు పండిస్తున్నాను, కొర్రన్నం తింటున్నాను. అయినా ఆ మాట అంత సులువుగా ఒప్పుకోను. దానికి కారణం మన చరిత్రలోనే ఉంది.

తార్నాకలో ఉన్న ఈ సంస్థ అసలు పుట్టింది 1918లో కూనూరులో. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఆ బెరిబెరి ఎక్కువగా ఉన్నది ఎక్కడనుకున్నారు? మన తెలుగు కోస్తా జిల్లాల్లో. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యం తిని కాళ్లు చచ్చుబడేవి, గుండె పోయేది. ఇది మనం ప్రతి శిబిరంలో చెప్పుకోదగ్గ కథే. కానీ దీనికి రెండో సగం ఉంది, అది మనం చెప్పం. ఇదే సంస్థ హైదరాబాద్ వచ్చాక, 1960 ప్రాంతంలో, గోపాలన్ గారి బృందం ఇక్కడి పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు చూసింది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం కమిలిపోవడం, విరేచనాలు, చివరికి మతి చెడటం. అది ఎవరికి వచ్చేది? జొన్నలే ముఖ్యంగా తిని, పక్కన పప్పు, పాలు, కూర సరిగ్గా దొరకని దక్కన్ కూలీలకి. జొన్న చెడ్డదని కాదు. వట్టి జొన్న మీదే బతకాల్సి రావడం చెడ్డది. కోస్తాలో వట్టి తెల్లబియ్యం బెరిబెరి తెచ్చింది, దక్కన్‌లో వట్టి జొన్న పెల్లాగ్రా తెచ్చింది.

2025లో వచ్చిన వైద్య పరిశోధన మండలి అధ్యయనం కూడా ఇదే వైపు చూపిస్తోంది. మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం బదులు గోధుమపిండో, మిల్లెట్ పిండో అదే మోతాదులో తింటే షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. పిండిపదార్థం మొత్తం మీద తగ్గించి ఆ జాగాలో పప్పు, పెరుగు, గుడ్డు, చేప పెంచితేనే తేడా ఉంది. కంచంలో కుప్ప పేరు మారితే చాలదు, కుప్ప చిన్నది కావాలి, పక్కన వేరేవి రావాలి. పొలంలో ఒకే పంట వద్దు, కందిలో పెసర వేయండి, జొన్నలో అనుములు పారించండి, గట్ల మీద మునగ పెట్టండి అని చెప్పేది మనమే. కంచం దగ్గరికి వచ్చేసరికి ఒక్క గింజని పట్టుకుని అదే మందు అంటున్నాం.

మందు అంటే గుర్తొచ్చింది. ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి. మా దగ్గర కూరలు కొనే ఒకాయన, వయసు యాభై దాటి ఉంటుంది, ఏదో వీడియో చూసి షుగర్ మాత్రలు ఆపేసి కషాయాలు తాగడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలకి కాలి మీద పుండు పడింది. రెండు వేళ్లు తీసేశారు. ఆటో నడిపే మనిషి. "మాత్రలు చెత్తబుట్టలో వేయండి" అని చెప్పే వీడియోలు మన వర్గంలోనూ తిరుగుతున్నాయి. ఆ మాటలు డబ్బున్నాయన వింటే నెలకోసారి ల్యాబ్‌కి పోయి చూసుకుంటాడు, తేడా వస్తే స్పెషలిస్టు దగ్గరికి పోతాడు. బస్తీ మనిషికి తేడా తెలిసేది పుండు పడ్డాకే. మంచి తిండి మొదలుపెట్టి, షుగర్ తగ్గుతుంటే డాక్టరే చూసి మాత్ర తగ్గిస్తాడు, అది వేరే సంగతి. రైతులం మనం. మాత్ర ఆపమని చెప్పే హక్కు మనకి లేదు.

పైగా ఈ మాత్రల విషయంలో సర్కారు చేస్తున్నది మంచి పనే. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. డాక్టరు చూడటం, పరీక్షలు, మందులు ఉచితం. దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదట మొదలైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ పద్ధతి చాలా సాదా. అందరికీ ఒకే రకం వైద్య విధానం, నెలకు సరిపడా మాత్రలు, రానివాళ్లని గుర్తుపెట్టుకుని పిలిపించడం. బీపీ మాత్ర ఆగకుండా అందితే పక్షవాతం, కిడ్నీ ఫెయిల్ కావడం తగ్గుతాయి. మీ ఊళ్లో ఆశా కార్యకర్త బీపీ చూడటానికి వస్తే ఎదురెళ్లి చేయి చాపండి.

ఇక అసమానత మాట. చిలకలగూడ రోడ్డు మీద నిలబడితే అది బడాయి మాటలా ఉండదు, కళ్లకు కనపడుతుంది. రైల్వేలో పర్మినెంటు ఉద్యోగి ఉన్నాడు. ఆయనకి, రిటైరయ్యాక కూడా, లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఉంది. అదే స్టేషన్‌లో ప్లాట్‌ఫాం తుడిచే కాంట్రాక్టు మనిషి ఉంది. ఈఎస్ఐ కార్డుంటే సనత్‌నగర్ పోవాలి. కార్డు లేకపోతే గాంధీలో లైను. అపార్ట్‌మెంట్ ఆయనకి కంపెనీ ఇన్సూరెన్స్. ముగ్గురికీ అదే బీపీ, అదే షుగర్. ఎవరు ఎన్నేళ్లు బతుకుతారో మాత్రం జేబులో ఉన్న కార్డు చెప్తుంది. జబ్బు వచ్చాక ఈ తేడాని కొంత పూడ్చడానికే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ చూడండి, గుండె ఆపరేషన్‌కి 10 లక్షల దాకా ఇవ్వడానికి ఒప్పుకున్న సర్కారు, అదే మనిషికి నలభై ఏళ్ల వయసులో నెలకు రెండు కిలోల పప్పు ఇవ్వడానికి బడ్జెట్ లేదంటుంది.

తిండికి అంత శక్తి ఉందా, ఇదంతా మన నమ్మకమేనా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకి చూపించడానికి మన దగ్గరే ఒక గట్టి సాక్ష్యం ఉంది. మనలో చాలామందికి దాని సంగతి తెలియదు. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్‌కి దగ్గరలో 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీ పథకం ముందు వచ్చింది, కొన్నింటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకి, చిన్నపిల్లలకి రోజూ ఉప్మా పెట్టారు. అంతే, ఉప్మా. తర్వాత పదిహేనేళ్లకి, ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చాక, రెండు రకాల ఊళ్ల పిల్లల్నీ పరీక్షించారు. 2008లో ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడవు పెరిగారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంటే షుగర్‌కి, గుండె జబ్బుకి దారి తీసే గుణాలు వాళ్లలో తక్కువగా ఉన్నాయి.

ఈ ఒక్క సంగతి చాలు నాకు. షుగర్ నివారణ నలభై ఏళ్ల మనిషికి వాకింగ్ చేయమని చెప్పడంతో మొదలు కాదు. గర్భిణి కంచంలో మొదలవుతుంది. అది కూడా సూపర్ ఫుడ్ అక్కర్లేదు, ఖరీదైన బియ్యం అక్కర్లేదు, రోజూ తప్పకుండా అందే మామూలు తిండి చాలు. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకి, బాలింతలకి అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు. పథకం రాసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ ఆ ఆకుకూర ఎక్కడి నుంచి వస్తోంది, పప్పు ఎవరు సరఫరా చేస్తున్నారు, ఊళ్లో పురుగుమందు లేకుండా పాలకూర పండించే రైతు దగ్గర ఎందుకు కొనట్లేదు? ఈ ప్రశ్నలు వేసే పని మనది.

బడి వంట లెక్క ఇంకా దారుణం. మధ్యాహ్న భోజనానికి బియ్యం పోగా, పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు అన్నిటికీ కలిపి ప్రాథమిక బడి పిల్లకి రోజుకి 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకి 10 రూపాయల 17 పైసలు అని 2025 మే నుంచి కేంద్రం కొత్త రేటు పెట్టింది. చిన్న పిల్లకి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ప్రమాణం. ఆ డబ్బుతో వంట చేసే ఆడవాళ్లు ఏం కొంటారు? బజారులో సాయంత్రం మిగిలిపోయిన టమాట, సొరకాయ. ఇక్కడ ఒక్క రూపాయి పెంచితే, వంద మంది పిల్లలున్న బడికి 220 రోజులకి 22,000 రూపాయలు. ఒక ఊరి బడికి సంవత్సరానికి 22,000. పెద్ద మొత్తమా ఇది? ఆ రూపాయి పెంచి, కూరగాయలు ఊళ్లో సహజ సాగు రైతు దగ్గరే కొనాలని షరతు పెడితే ఆ రైతుకి ఆటో కిరాయి లేదు, వాడిపోయే భయం లేదు, దళారీ లేడు. పాలకూర పొద్దున కోసి పది గంటలకి బడిలో ఇచ్చేయొచ్చు.

ఇది జరగని పని కాదు. 1990లలోనే జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూములు సాగుచేసి, ఊళ్లో పండిన జొన్నల్ని ఊళ్లోనే పేదలకి తక్కువ ధరకి ఇచ్చారు. రేషన్ షాపు ఢిల్లీ నుంచి రావాలా, మా చేనులోంచి రావచ్చు కదా అని వాళ్లు అప్పుడే చేసి చూపించారు. ఒడిశాలో 2017లో మిల్లెట్ మిషన్ పెట్టి, గిరిజన రైతుల దగ్గర రాగులు కొని రేషన్‌లో, అంగన్‌వాడీల్లో ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి బడి పిల్లలకి వారంలో కొన్ని రోజులు రాగిజావ మొదలైంది. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రసాదాల కోసం రైతు సాధికార సంస్థ ద్వారా సహజ సాగు సరుకులు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఏడుకొండలవాడి వంటశాలకి కొనగలిగినప్పుడు అంగన్‌వాడీ పొయ్యికి ఎందుకు కొనలేరు? హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజనం 2014 నుంచి నడుస్తోంది. ఈ మధ్య టిఫిన్ కూడా పెట్టి అందులో మిల్లెట్ ఇడ్లీ, ఉప్మా చేర్చారు. బాగుంది. ఆ మిల్లెట్ ఎవరి పొలంలోది?

అడ్డంకులు నాకు తెలుసు. టెండరు అంటే లక్షల్లో డిపాజిట్, టన్నుల్లో సరఫరా, మూడేళ్ల టర్నోవరు కాగితాలు. నలుగురు రైతుల గుంపు దాని దరిదాపుల్లోకి పోలేదు. అందుకే జిల్లా టెండరు వద్దు, ఊరి స్థాయిలో, కనీసం మండల స్థాయిలో కొనే వెసులుబాటు ఇవ్వాలని అడగాలి. రాగికి 2025-26లో మద్దతు ధర 4,886 రూపాయలు ఉంది. కొర్ర, సామ, అరికె, ఊదలకి కేంద్రం మద్దతు ధరే ప్రకటించదు. ధరే లేని పంటని సర్కారు ఏ లెక్కన కొంటుంది? జాతీయ సహజ సాగు మిషన్‌కి 2024 నవంబరులో 2,481 కోట్లు కేటాయించారు. అది చాలావరకు శిక్షణలు, జీవామృతం కేంద్రాలు, సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతోంది. కోటి మంది రైతుల్ని సహజ సాగులోకి తెస్తామంటున్నారు. కోటి మంది పండించింది పద్మారావునగర్ అపార్ట్‌మెంట్లవాళ్లు కొనగలరా?

మరో చిన్న సంగతి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు బిస్కెట్లు, నూడుల్స్, మిక్చర్ ప్యాకెట్ల మీద పన్ను 5 శాతానికి దించారు. మన రైతు సంఘం పేరు వేసి ప్యాకెట్ కట్టిన రాగిపిండి మీదా 5 శాతమే. సర్కారు కళ్లకి నూడుల్స్, రాగిపిండి ఒకటే అయిపోయాయి.

"అన్నా, మాకు ఇన్నాళ్లకి మంచి ధర వస్తుంటే అంగన్‌వాడీకి ఇవ్వమంటావా?" అని మా గుంపులోనే ఒకతను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నష్టానికి ఇవ్వమని నేను అనట్లేదు. నవార, కాలాబట్టి బియ్యం 150కి అమ్ముకోండి, ఎవరొద్దన్నారు. కానీ ఆకుకూర, సొరకాయ, మునగాకు, పెసర, కంది, వీటిలో పావు వంతు ఏడాదంతా ఒకే ధరకి ఒకే చోట కొనేవాళ్లుంటే, ఆదివారం అమ్ముడుపోక పారబోసే దానికన్నా అది మేలే. మా లెక్కలో కందిపప్పు ఊళ్లోనే అప్పజెప్పగలిగితే 150కి గిట్టుబాటవుతుంది. చిలకలగూడ దాకా మోసుకొస్తేనే 200. మిగతా 30 రూపాయల తేడా ఎవరు భరించాలంటే ప్రభుత్వమే. ఎరువుల సబ్సిడీ మనం ముట్టుకోవట్లేదు కదా, ఆ మిగిలిన డబ్బులో కొంత ఇటు మళ్లించమని అడగడానికి మనకన్నా హక్కున్నవాళ్లెవరు?

మా గుంపు ఈ నెలలో మండల మహిళా శిశు సంక్షేమ అధికారికి ఒక అర్జీ ఇస్తోంది. మా రెండు ఊళ్ల అంగన్‌వాడీలకి ఆకుకూరలు, మునగాకు మేమే ఇస్తాం, మూడు నెలలు ప్రయోగంగా చూడండి అని. పీజీఎస్ సర్టిఫికెట్ జత చేస్తున్నాం. అర్జీ నమూనా వీడియో కింద పెట్టాను, మీ ఊరి పేరు మార్చి వాడుకోండి. ఇంకో పని కూడా చేయండి. మీ ఊరి బడిలో వంట చేసే ఆడవాళ్లని కలిసి, కూరగాయలు ఎక్కడ కొంటున్నారు, ఏ ధరకి కొంటున్నారు, బిల్లులు ఎన్ని నెలలు ఆలస్యంగా వస్తున్నాయి అని అడిగి రాసి పంపండి. పది ఊళ్ల లెక్కలు వస్తే వచ్చే వీడియో వాటి మీదే చేద్దాం.